పనసకొండ జవాబు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అప్పయ్యమ్మ. తొలకరిలో పుట్టగొడుగులు ఏరుకొచ్చి, చేట ముందు పెట్టుకుని, మట్టి దులుపుతూ చెప్పేది. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లలో ఒక్క మాట మార్చలేదు. తరవాత మా ఊరికి హరికథకి వచ్చిన సన్యాసి దాసు ఇదే కథని ఎత్తుకుని పాడు చేశాడు. నలభై ఏళ్ళయింది. ఎక్కడెక్కడ పాడు చేశాడో ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను. పిల్లలు కుదురుగా కూర్చోండి. పెద్దవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళకండి.

అనగా అనగా, చెప్పేవాళ్ళు ఎక్కువా వినేవాళ్ళు తక్కువా ఉన్న కాలంలో, ఒక రాజ్యం. రాజ్యానికి ఉత్తరాన ఒక కొండ. కొండ నిండా పనసచెట్లు. కొండ కింద ఇరవై గడపల పల్లె.

ఆ పల్లెవాళ్ళు తంబురలు చేసి బతికేవారు. తంబుర కుండకి పనస చెక్కని మించింది లేదు. చెక్కా కొండదే, వేసవిలో పండూ కొండదే, వానాకాలంలో పుట్టగొడుగుల కూరా కొండదే, తాగే ఊటనీళ్ళూ కొండవే.

ఆ రాజ్యంలో పాతకాలం నాటి కట్టడి ఒకటి ఉండేది. పనసచెట్టుని కొట్టాలంటే ముందు చెట్టుని అడగాలి. చెట్టు మొదలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గొడ్డలిని చెట్టుకి ఆనించి నిలబెట్టి, "తల్లీ, నిన్ను కొట్టుకోనిస్తావా" అని అడగాలి. అడిగి మూడు రోజులు ఆగాలి. ఈలోగా గొడ్డలి పక్కకి పడిపోతే చెట్టు వద్దన్నట్టు. నిలబడి ఉంటే సరేనన్నట్టు.

మొదట్లో అందరూ మూడు రోజులూ ఆగేవారు. కొన్నాళ్ళకి రెండు రోజులు చాలన్నారు. ఇంకొన్నాళ్ళకి ఒక పూట చాలన్నారు. చివరికి గొడ్డలి పిడిని నేలలోకి గట్టిగా గుచ్చి ఆనించడం నేర్చుకున్నారు. అలా గుచ్చిన గొడ్డలి పడమన్నా పడదు. అడిగామన్న పేరు ఉంది, పనీ ఆగలేదు.

ఆ పల్లెలో గైరమ్మ అనే ముసలావిడ ఒక్కతే ఇంకా మూడు రోజులూ ఆగేది. అందుకని ఆమె దగ్గర తంబురకి చెప్పినవాళ్ళు ఏడాది కాచుకోవాలి. పల్లెవాళ్ళు నవ్వేవారు. "గైరమ్మత్త దగ్గర తంబుర చెయ్యమని చెప్పినవాడు పాట మరిచిపోయాక తంబుర వస్తుంది" అనేవారు. ఆమె వినిపించుకునేది కాదు.

పచ్చి చెక్క ఎండకి పగులుతుంది. అందుకని తొలిచిన కుండని పనసచెట్టు మొదట్లో, మెత్తని మట్టిలో పాతిపెట్టి, ఒక వానాకాలం గడిచాక తీసేవారు. అది వాళ్ళ పద్ధతి. ఒకసారి గైరమ్మ తీగ కట్టిన కుండనే మరిచిపోయి పాతేసింది. వానలు వెళ్ళాక తవ్వి చూస్తే, కుండ చుట్టూ బూజులాంటి తెల్లదారాలు అల్లుకుని ఉన్నాయి. దారాలు తీగ మీదికి కూడా పాకాయి. చెట్టు వేళ్ళలోంచి వచ్చి, కుండని చుట్టి, మళ్ళీ పక్క చెట్టు వేళ్ళలోకి వెళ్ళాయి.

మనం ఏరుకునే పుట్టగొడుగు పైకి కనపడే గొడుగు మాత్రమే. అది రెండు రోజులుండి పోతుంది. అసలు ప్రాణి కింద ఉన్న ఈ దారాలే. ఇది మా మేనత్త చెప్పిన మాట.

గైరమ్మ కుండని పైకి తియ్యలేదు. వంగి చెవి ఆనించింది. తీగ సన్నగా పలుకుతోంది. తీగ బిగించే బిరడా ఎవరూ తిప్పలేదు, ఎవరూ మీటలేదు. అయినా ఒకరోజు తీగ బిగుస్తోంది, ఒకరోజు వదులవుతోంది.

ఎందుకో తెలుసుకుందామని ఆమె ఇంకో రెండు కుండలు చేసి, తీగలు కట్టి పాతింది. పాతదానితో కలిపి తూర్పు వాలున ఒకటి, పడమటి వాలున ఒకటి, ఊట దగ్గర ఒకటి. మూడేళ్ళు పొద్దునా సాయంత్రం వెళ్ళి విన్నది. తూర్పున మేకలు పనసమొక్క చిగురు కొరికితే తూర్పు తీగ కాస్త దిగేది. పడమట వాన పడితే, తూర్పున చుక్క పడకపోయినా, తూర్పు తీగ బిగిసేది. ఒక చెట్టు సంగతి ఇంకో చెట్టుకి ఆ దారాల మీదుగా వెళ్తోందని ఆమెకి తోచింది. తోచింది అనే చెప్పేది. తెలిసిపోయింది అని ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ సన్యాసి దాసు ఒక పుట్టగొడుగు చేత మాట్లాడించాడు. అది గొడుగు ఊపుతూ గైరమ్మతో అడవి రహస్యాలు చెప్పిందట. జనం చప్పట్లు కొట్టారు. మా మేనత్త కథలో పుట్టగొడుగు మాట్లాడలేదు. నా కథలోనూ మాట్లాడదు. ఎందుకు మాట్లాడకూడదో కథ చివరికి మీకే తెలుస్తుంది.

ఆ రాజ్యాన్ని ఏలే రాజు పేరు మణిభద్రుడు. ఆయనకి సంగీతమంటే చెవి కోసుకుంటాడని పేరు. పాట వింటూ తల ఊపడం ఆయనకి ఇష్టం. ఆయన తల ఊపడం నలుగురూ చూడడం ఇంకా ఇష్టం. ఒకనాడు ఆయనకి నాదమండపం కట్టాలని బుద్ధి పుట్టింది. వెయ్యి స్తంభాల మండపం. వెయ్యీ పనస స్తంభాలే. ఏ స్తంభం మీటినా స్వరం పలకాలి.

వృద్ధ మంత్రి గోవర్ధనుడు చేతులు కట్టుకుని అన్నాడు, "ప్రభూ, వెయ్యి స్తంభాలంటే ఉత్తరాది కొండ మీది చెట్లన్నీ కొట్టెయ్యాలి. తాతగారి నాటి కట్టడి ఉంది. చెట్టుని అడగాలి."

"వెయ్యి చెట్లకి వెయ్యి గొడ్డళ్ళు ఆనించి కూర్చోమంటావా?"

"కట్టడి మీరే తప్పితే రేపు ఎవరు నిలబెడతారు ప్రభూ?"

రాజు కాసేపు మీసం నిమురుకున్నాడు. "సరే. కొండనంతటినీ ఒక్కసారే అడుగుతాను. చెట్లకీ మనిషికీ మాట కలపగలిగిన వాళ్ళని పిలిపించు. కొండ సరేనంటే కొడతాను. వద్దంటే మానేస్తాను. నలుగురిలో చెబుతున్నాను, మాట తప్పను."

దండోరా వేశారు. పల్లెలో ఆ పూట పొయ్యి వెలగలేదు. కొండ పోతే పల్లె పోయినట్టే. పల్లె పెద్ద పోలినాయుడు గైరమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అత్తా, నువ్వు వెళ్ళాలి. నీ కుండల సంగతి నీకు తెలుసు. కొండ చేత వద్దనిపించు."

"నాకు వినడం వచ్చు నాయుడూ. అనిపించడం రాదు," అంది గైరమ్మ.

"విన్నదే చెబుదువులే, ముందు కదులు," అన్నాడు పోలినాయుడు.

కొండ కింద పందిరి వేశారు. రాజు సింహాసనం తెచ్చి పందిట్లో వేశారు. జనం చుట్టూ కూర్చున్నారు. మాట కలుపుతామని వచ్చినవాళ్ళు ముగ్గురు.

మొదటివాడు ఆస్థాన గాయకుడు కలకంఠుడు. పట్టుపంచె, చేతికి కంకణం. గొంతు మంచిదే, ఆ మాట కాదనను. పనసచెట్టు కింద కూర్చుని ఆలాపన ఎత్తుకున్నాడు. తూర్పుగాలి లేచింది. ఆకులు గలగలలాడాయి.

కలకంఠుడు కళ్ళు మూసుకుని అన్నాడు, "విన్నారా ప్రభూ, వృక్షాలు పాడుతున్నాయి. మణిభద్రుని మండపంలో స్తంభాలై నిలిచే భాగ్యం మాకెన్నడో అని వేడుకుంటున్నాయి."

రాజు తల ఊపాడు. అంతలో గాలి పడిపోయింది. ఒక్క ఆకు కదలలేదు.

జనంలోంచి ఒక ముసలాయన అడిగాడు, "ఇప్పుడేమంటున్నాయి బాబూ?"

"ఇప్పుడు సిగ్గుపడుతున్నాయి," అన్నాడు కలకంఠుడు.

జనం ముసిముసిగా నవ్వారు. రాజు కూడా నవ్వి, "కూర్చో," అన్నాడు.

రెండోవాడు రత్నదత్తుడనే ఓడల వర్తకుడు. ఏడు దీవుల అవతల నుంచి ఒక యంత్రం తెచ్చాడు. బండిచక్రమంత ఇత్తడి చక్రం. చక్రానికి వంద తాటాకు ముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక్కో మాట రాసి ఉంది. చెట్టు కొమ్మల నుంచి రాగితీగలు లాగి చక్రానికి తగిలించాడు. ఆకుల చెమ్మ తీగ మీదుగా చుక్క చుక్కగా దిగి ఒక గిన్నెలో పడుతుంది. గిన్నె నిండితే చక్రం కదులుతుంది. చక్రం ఆగినప్పుడు ఏ తాటాకు కింద పడితే అదే చెట్టు చెప్పిన మాట.

చక్రం కిర్రుమని తిరిగింది. మూడు ఆకులు పడ్డాయి. రత్నదత్తుడు ఏరి చదివాడు.

"సంతోషం. ప్రభువు. కొట్టండి."

ఈసారి జనం నవ్వలేదు. పాటగాడి మాట కాదనవచ్చు. ఇత్తడి చక్రం చెప్పింది ఎవరు కాదంటారు? రాజు సింహాసనం అంచుకి వచ్చి, "మళ్ళీ తిప్పు," అన్నాడు.

"మీకే. అంకితం. త్వరగా."

అప్పుడు గైరమ్మ లేచి చక్రం దగ్గరికి వచ్చింది. వంగి దాన్ని చుట్టూ చూసింది. మంచి పనితనం ఎక్కడ కనపడినా చూసే అలవాటు ఆమెది.

"బాగా చేశావు నాయనా. చక్రానికి పళ్ళు బాగా కూర్చావు. ఒకటి అడుగుతాను, నాకు చదువు రాదు. ఈ ఆకుల్లో వద్దు అనే మాట ఏదో వేలుపెట్టి చూపించు."

రత్నదత్తుడు సర్దుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఇది రాజసభలకి చేసిన యంత్రం. మర్యాద గలది."

"చూపించవయ్యా," అన్నాడు మంత్రి.

రత్నదత్తుడు కదల్లేదు. మంత్రే దిగివచ్చి వంద ఆకులూ ఒక్కొక్కటే చదివాడు. శుభం ఉంది, సుఖం ఉంది, జయం ఉంది. కొట్టండి అనేది ఎనిమిది ఆకుల మీద ఉంది. వద్దు అనేది ఒక్క ఆకు మీద కూడా లేదు.

"ఏమయ్యా ఇది?" అన్నాడు రాజు.

"ఏం చెయ్యమంటారు ప్రభూ. ఇప్పటికి పదకొండుమంది రాజులకి చూపించాను. వద్దు అనే మాట ఉన్న యంత్రాన్ని ఒక్కరూ కొనలేదు," అన్నాడు రత్నదత్తుడు. ఆ మనిషి చెప్పిన నిజం అదొక్కటే.

రాజు ముఖం ఎర్రబడింది. "సరే ముసలమ్మా. మరి నీకు ఏమని చెప్పింది నా కొండ?"

"ఇంకా అడగలేదు మారాజా. కట్టడి ప్రకారం అడిగి మూడు రోజులు ఆగాలి."

గైరమ్మ పెద్దమ్మ పనస దగ్గరికి వెళ్ళింది. కొండ నడిమధ్యన ఉండే చెట్టు అది. నలుగురు చేతులు చాచి పట్టుకుంటేగాని చుట్టు అందదు. కొండ మీది చెట్లన్నీ దాని గింజలకి పుట్టినవే అంటారు. మొదలుకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, గొడ్డలి ఆనించింది. పిడి గుచ్చలేదు. అడిగింది. మూడు రోజులూ మూడు కుండల దగ్గరా చెవి ఆనించి విన్నది. రాజు విసుక్కుంటూ పందిట్లోనే ఉన్నాడు. మాట ఇచ్చాడు గదా మరి.

మూడోనాటి సాయంత్రం గైరమ్మ కొండ దిగింది. పోలినాయుడు పరుగున ఎదురెళ్ళి, దారిలోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమంది అత్తా?"

"ఏటీ అనలేదు నాయుడూ. గొడ్డలి పడలేదు. తీగలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి."

పోలినాయుడు గొంతు తగ్గించాడు. "అయినా వద్దందని చెప్పు. ఒక్క మాట. ఇరవై గడపలు బతుకుతాయి. వాళ్ళిద్దరూ చెప్పలేదా అబద్ధం?"

"వాళ్ళు చెప్పారు గనకే నేను చెప్పకూడదు. రేపు ఇంకొకడొచ్చి సరేనంది అంటే, నాదీ వాడిదీ ఒకటే అవుతుంది. అప్పుడు కొండ తరపున మాట్లాడ్డానికి ఎవరుంటారు?"

"ముందు కొండ ఉండాలి గదా అత్తా."

గైరమ్మ చెయ్యి విడిపించుకుని పందిట్లోకి నడిచింది. పోలినాయుడు అక్కడే రాయి మీద కూలబడ్డాడు. అతని తప్పు ఉందని నేననను. అతనికి ముగ్గురు కూతుళ్ళు, ఆ కొండ తప్ప ఆధారం లేదు.

"ఏమంది కొండ?" అన్నాడు రాజు.

"ఏటీ అనలేదు మారాజా. తూర్పున మేకలు రెండు మొక్కలు కొరికాయి. తూర్పు తీగ కాస్త దిగి మళ్ళీ సర్దుకుంది. అంతే."

"నా ప్రశ్నకి జవాబు?"

"మీ ప్రశ్న దానికి అర్థమైందో లేదో నాకు తెలీదు."

"వద్దనలేదు కదా?"

"అనలేదు."

"అయితే సరేనన్నట్టే."

"సరేనని కూడా అనలేదు మారాజా. గొడ్డలి నిలబడ్డం ఒక్క చెట్టుకే గుర్తు, కొండంతటికీ కాదు."

కలకంఠుడు పైకే నవ్వాడు. రత్నదత్తుడు కూడా కలిశాడు. "మూడు రోజులు ఆగి తెచ్చిన జవాబు ఇదా," అన్నాడు కలకంఠుడు. "మట్టిలోని కుండకి చెవి పెడితే చెమ్మ తగులుతుంది ముసలమ్మా, మాట తగలదు."

రాజు గొడ్డళ్ళవాళ్ళ వైపు తిరిగాడు. చెయ్యి ఎత్తబోయాడు. మంత్రి అడ్డం వచ్చాడు.

"ప్రభూ, ఒక్క పరీక్ష. ముగ్గురిలో నిజంగా వింటున్నది ఎవరో తేలాలి. రేపు కొండ మీద ఎక్కడో ఒక చిన్న మొక్కకి చిన్న కొమ్మ విరిపించండి. ఎప్పుడో ఎక్కడో మీకొక్కరికే తెలియాలి. ఈ ముగ్గురూ కిందే ఉండాలి. కొండకి దెబ్బ తగిలిందని ఎవరు చెబితే వాళ్ళకే వినడం వచ్చు, కొండ సంగతిలో వాళ్ళ మాటే చెల్లాలి. ఎవరూ చెప్పలేకపోతే గొడ్డళ్ళు కదలనివ్వండి."

రాజు ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక రాజు ఇద్దరు గొడ్డళ్ళవాళ్ళని వెంటబెట్టుకుని కొండ ఎక్కాడు. కింద కలకంఠుడు చెట్టు నీడన తంబుర పట్టుకున్నాడు. రత్నదత్తుడు చక్రానికి నూనె పోశాడు. గైరమ్మ కాపలాకి ఒక భటుణ్ణి వెంటబెట్టుకుని, కొండ అడుగునే ఉన్న కుండ నుంచి కుండకి తిరిగింది.

మధ్యాహ్నానికి రాజు దిగివచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. "చెప్పండి," అన్నాడు.

కలకంఠుడు చెప్పాడు, "ప్రభువు పాదం సోకి కొండ పులకించింది. ఏ చెట్టుకీ నొప్పి లేదు. ప్రభువు దయామూర్తి, దెబ్బ కొట్టించనే లేదు."

రత్నదత్తుడు చక్రం తిప్పాడు. "చల్లదనం. సుఖం. జయం."

గైరమ్మ ఇంకా రాలేదు. కబురు పంపారు. కాసేపటికి వచ్చింది. చెవికీ చెంపకీ మట్టి అంటుకుని ఉంది. పందిట్లోకి రాకుండా గుంజ పట్టుకుని బయటే నిలబడింది.

"చెప్పమ్మా," అన్నాడు మంత్రి.

"రెండు జాములు కాకముందు తూర్పు తీగ దిగింది. నేను మేకలనుకున్నాను. పడమటి దాని దగ్గరికి వెళ్తే అదీ దిగుతోంది. ఊట దగ్గరికి వెళ్ళేసరికి అది పలకడమే మానేసింది. మూడేళ్ళయింది నేను వినబట్టి. మూడు తీగలూ ఒక్కసారి దిగడం ఎప్పుడూ లేదు."

"ఏ చెట్టుకి దెబ్బ తగిలింది?"

"అది తీగ చెప్పదు బాబూ. కాని చిన్న మొక్క కాదు. కొమ్మ విరవడమూ కాదు. మూడు వైపులా ఎవరికి పిల్లలున్నారో ఆ చెట్టు."

మంత్రి రాజు వైపు తిరిగాడు. రాజు తన చేతులు చూసుకుంటున్నాడు.

"ప్రభూ, నేను చిన్న మొక్క అన్నాను," అన్నాడు మంత్రి.

"రాజు చేసే పరీక్షకి చిన్న మొక్కా గోవర్ధనా," అన్నాడు రాజు. "పెద్దదాన్నే పట్టాను. కొట్టించలేదు. బెరడు మాత్రమే తీయించాను. చుట్టూ, మూర వెడల్పున."

చిన్నపిల్లలకి తెలియకపోతే చెబుతున్నాను. చెట్టు కొమ్మ నరికితే ఇంకో కొమ్మ వస్తుంది. బెరడు చుట్టూ తీసేస్తే ఆకు వండిన తిండి వేరుకి దిగదు. చెట్టు పచ్చగానే ఉంటుంది, నిలబడే ఉంటుంది, లోపల్లోపల చచ్చిపోతుంది. గొడ్డలి పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. రాజుకి తెలియదు. తెలిసిన ఇద్దరూ రాజుకి చెప్పలేదు.

గైరమ్మ గుంజ వదిలి పందిట్లోకి వచ్చింది. తరవాత గొడ్డళ్ళవాళ్ళని చూసి ఒక్కమాట అడిగింది.

"గొడ్డలి పెట్టేముందు అడిగారా?"

వాళ్ళు తల దించుకున్నారు. రాజు కూడా తల దించుకున్నాడు.

నాదమండపం ఆగిపోయింది. రాజు మాట తప్పలేదు, ఆ ఒక్కటీ ఆయన ఖాతాలో మంచి. రత్నదత్తుడు యంత్రాన్ని బండికెత్తించుకుని పన్నెండో రాజుని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. మూడు రోజుల కట్టడి మళ్ళీ నిలబడింది. పిడి గుచ్చినవాడికి శిక్ష పెట్టారు. కొండ మిగిలింది. ఇరవై గడపలూ మిగిలాయి.

ఇక్కడ సన్యాసి దాసు ఏం చేశాడో తెలుసా. రాజుకీ గైరమ్మకీ పెళ్ళి చేశాడు. ఆమెకి అప్పటికి అరవై ఏళ్ళు దాటాయి. జనానికి కథ సుఖంగా ముగియాలట. నేను లేచి, "దాసుగారూ, చెట్టు సంగతేమైంది," అని అడిగాను. మంగళం పాడేశాడు గాని జవాబు చెప్పలేదు. చెట్టు సంగతి నేను చెబుతాను.

గైరమ్మ పేడా పుట్టమన్నూ కలిపి గాయానికి మెత్తింది. గోనెపట్టా చుట్టింది. రాజు రోజూ మనిషిని పంపి అడిగించేవాడు, "ఎలా ఉంది?" ఆమె ఉన్నది చెప్పేది. "అతకలేదు."

మొదటి ఏడు ఆకు పచ్చగానే ఉంది. పల్లెవాళ్ళు సంబరపడ్డారు. రెండో ఏడు ఎన్నడూ లేనంత కాపు కాసింది. కొమ్మలకి, మొదలుకి, వేళ్ళ మీద కూడా చిన్నచిన్న పనసకాయలు. పల్లెవాళ్ళు ఇంకా సంబరపడ్డారు. గైరమ్మ సంబరపడలేదు. పోయే చెట్టు అలా కాస్తుందని ఆమెకి తెలుసు.

ఆ ఏడంతా ఆమె కుండల దగ్గరే గడిపింది. పెద్దమ్మ ఎండుతున్నకొద్దీ చిన్నచెట్ల వైపు తీగలు బిగుస్తూ వచ్చాయి. రోజు రోజుకీ కాస్త కాస్త బిగువు. పోలినాయుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వేళ్ళలో దాచుకున్నదంతా పిల్లలకి పంచేస్తోందా అత్తా?"

"పంచుతోందో, ఆ దారాలే లాక్కుంటున్నాయో, నాకు తెలీదు నాయుడూ. చిన్నవాటికి అందుతోంది. అదొక్కటే వినపడుతోంది."

"పంచుతోందనే చెప్పరాదూ. వినడానికి బాగుంటుంది."

"బాగుంటుంది," అంది గైరమ్మ. మళ్ళీ కుండకి చెవి ఆనించింది.

మూడో వానాకాలం వచ్చింది. కొండంతా చిగిర్చింది. పెద్దమ్మ చిగిర్చలేదు. తీగలు ఇక బిగియలేదు.

రాజు తనే వచ్చాడు. చెప్పులు కింద విడిచి కొండ ఎక్కాడు. "తల్లీ, ఇక అది ఎండు చెక్కే కదా. దానితో ఒక తంబుర చెయ్యి. మండపంలో కాదు, ఇక్కడే కొండ కింద పెడతాను. దాని గొంతు మిగులుతుంది."

"అడుగుదాం," అంది గైరమ్మ.

ఎండిన చెట్టుకే పసుపు రాసింది. బొట్టు పెట్టింది. గొడ్డలి ఆనించింది. ఈసారి రాజు కూడా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఒకరోజు గడిచింది. గొడ్డలి నిలబడే ఉంది. రెండో రోజు గడిచింది. గొడ్డలి నిలబడే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం, గాలి లేదు, వాన లేదు, గొడ్డలి మెల్లగా పక్కకి జారి ఆకుల మీద పడింది.

ఇద్దరూ లేచారు. ఎవరి దారిన వాళ్ళు కొండ దిగారు. చెట్టు నిలబడినచోటే పుచ్చి మట్టిలో కలిసింది. ఏటా తొలకరికి అక్కడ తెల్లగా పుట్టగొడుగులు లేచేవి. పల్లెవాళ్ళు కొండంతా ఏరుకునేవారు, అక్కడ మాత్రం ఏరేవారు కాదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను నోరు మూసుకునేవాణ్ణి. కాలేదు.

రాజు ఆ చోట ఒక రాయి నిలబెట్టమన్నాడు. జరిగింది జరిగినట్టు చెక్కించమన్నాడు. రాజుగారి శాసనాలకి పద్యం కట్టి రాసిచ్చేది ఎవరు? కలకంఠుడే. మంత్రి గోవర్ధనుడు ఉంటే సరిచూసేవాడు. ఆయన ఆ ఏడాదే పోయాడు. రాజుకి ఆ కొండ ఎక్కడానికి మళ్ళీ మనసొప్పలేదు. పల్లెలో ఇరవై గడపలకీ ఒక్కరికీ అక్షరం రాదు. రాయి నిలబడింది. గైరమ్మ బతికినన్నాళ్ళూ తొలకరికి వెళ్ళి ఆ రాతికి పసుపు రాసి బొట్టు పెట్టింది. అక్షరాల మీద వేళ్ళు పెట్టి తడిమి, "మా పెద్దమ్మ సంగతి రాశారు," అనేది.

మా మేనత్తకీ చదువు రాదు. నాకు పెద్దయ్యాక కూడబలుక్కునేంత వచ్చింది. వచ్చాక ముందు చేసిన పని ఆ కొండ ఎక్కడమే. నాచు గీకి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుని, ఒక పూటంతా కూర్చుని చదివాను. మూడు ముక్కలున్నాయి దాని మీద. గానంతో వృక్షాలను పలికించినవాడు కలకంఠుడు. వృక్షాలను కాపాడినవాడు మణిభద్రుడు. ఆ వృక్షం ఆయుస్సు తీరి తనంతట తానే ఒరిగింది.

మూడూ అబద్ధాలే. గైరమ్మ పేరు లేదు. తెల్లదారాల మాట లేదు. బెరడు మాట లేదు. ఆవిడ అన్నేళ్ళు బొట్టు పెట్టింది ఆ రాతలకే. సన్యాసి దాసు ఊళ్ళో విన్న కథకి సాక్ష్యంగా పట్టుకుందీ ఆ రాయినే. ఆ తరవాత నేను నిజం చెబితే, "రాతిలో ఉంది కదయ్యా, నీ మేనత్త పుట్టగొడుగుల చేటలో ఉందా," అని పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోను.

నా చేతికి ఉలి పట్టే సత్తువ లేదు. నా రాత వంకర, నేను రాస్తే అదీ నవ్వులాటే అవుతుంది. మీ ఇళ్ళలో చదువుకున్న పిల్లలున్నారు. ఎవరైనా ఒకరు వెళ్ళి ఆ మూడు ముక్కలూ కొట్టేసి, సరిగ్గా చెక్కండి. విన్నది గైరమ్మ. కబురు మోసింది మట్టిలోని తెల్లదారాలు. చంపింది రాజు చేసిన పరీక్ష. నేను చెప్పినంతే రాయండి, ఒక్క మాట కలపకండి. కింద చోటు మిగిలితే ఇది కూడా చెక్కండి: అడిగినవాడు జవాబు వచ్చేదాకా ఆగాలి, రాకపోతే రాలేదనే చెప్పాలి, నోరు లేనిదాని నోట్లో తన మాట పెట్టకూడదు.